కార్పొరేటర్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో నగరపాలక ప్రజాసేవ

గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) పాలకమండలిలో ఒక్కో వార్డు నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకునే సభ్యుణ్ణి కార్పొరేటర్ అంటారు. పదవీకాలం ఐదేళ్లు. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ మీదుగా హయత్‌నగర్ దాకా విస్తరించిన ప్రాంతానికి 2016, 2020 ఎన్నికల నాటి విభజన ప్రకారం 13 మంది కార్పొరేటర్లు ఉండేవారు. మోరీ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా, ఇంటి ముందు రోడ్డు తవ్వి వదిలేసినా కాలనీవాసులు మొదట ఫోన్ చేసేది కార్పొరేటర్‌కే. ఎన్నికైన ప్రజాప్రతినిధుల్లో జనానికి అందరికంటే దగ్గరగా ఉండేదీ, చట్టరీత్యా అందరికంటే తక్కువ అధికారం ఉన్నదీ ఈ పదవే. ఈ ప్రాంతంలో కార్పొరేటర్ల పనితీరును, రాజకీయ ప్రస్థానాలను, గెలుపోటములను ఈ వైరుధ్యమే చాలావరకు నిర్ణయించింది.

ప్రాంతం, వార్డులు

2020 ఎన్నికల నాటికి జీహెచ్ఎంసీలో 150 వార్డులు ఉండేవి. వాడుకలో వీటిని డివిజన్లంటారు. వాటిలో 11 నుంచి 23 వరకు ఈ ప్రాంతానివి: నాగోల్, మన్సూరాబాద్, హయత్‌నగర్, బి.ఎన్.రెడ్డి నగర్, వనస్థలిపురం, హస్తినాపురం, చంపాపేట, లింగోజిగూడ, సరూర్‌నగర్, రామకృష్ణాపురం (ఆర్.కె.పురం), కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం. వీటిలో సరూర్‌నగర్, ఆర్.కె.పురం మహేశ్వరం శాసనసభ నియోజకవర్గంలోకి వస్తాయి. మిగిలిన 11 ఎల్.బి.నగర్ నియోజకవర్గంలో ఉన్నాయి.

నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నా ఈ వార్డులు హైదరాబాద్ జిల్లాలో లేవు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. అందువల్ల ఇక్కడి కార్పొరేటర్ రోడ్ల కోసం జీహెచ్ఎంసీ జోనల్ కార్యాలయానికీ, భూమి సమస్యల కోసం రంగారెడ్డి కలెక్టరేట్‌కూ, నీటి కోసం జలమండలికీ, కరెంటు కోసం విద్యుత్ పంపిణీ సంస్థకూ తిరగాల్సి వచ్చేది.

ఈ ప్రాంతం వెన్నెముక విజయవాడ జాతీయ రహదారి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు, బట్టల దుకాణాలకు పేరుపడింది. ఎల్.బి.నగర్ చౌరస్తా విజయవాడ, నాగార్జునసాగర్ వైపు వెళ్లే ప్రయాణికుల కూడలి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు మొదలైంది. వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద ఎల్.బి.నగర్, కామినేని, బైరామల్‌గూడ కూడళ్ల వద్ద పైవంతెనలు, అండర్‌పాస్‌లు వచ్చాయి. వీటిలో ఏదీ కార్పొరేటర్ మంజూరు చేసింది కాదు. కానీ వీటి పనులు సాగిన కాలమంతా దుమ్ము, ట్రాఫిక్ మళ్లింపు, తెగిన నీటి పైపుల గురించి ఫిర్యాదులు చేరింది మాత్రం కార్పొరేటర్ల ఇళ్లకే.

చారిత్రక నేపథ్యం

హైదరాబాద్‌లో పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ హయాంలో మొదలైంది. 1933లో హైదరాబాద్, చాదర్‌ఘాట్ పురపాలక సంఘాలను కలిపి నగరపాలక సంస్థగా మార్చారు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం నేటి వ్యవస్థకు పునాది. 1960లో సికింద్రాబాద్ కూడా ఇందులో కలిసింది. ఆ తర్వాత పాలకమండలికి ఎన్నికలు క్రమంగా జరగలేదు. 1986లో ఎన్నికలు జరిగేనాటికి దాదాపు పదహారేళ్లుగా నగరానికి ఎన్నికైన సభ్యులే లేరు. ఆ తర్వాత మళ్లీ 2002 దాకా దశాబ్దానికి పైగా ఖాళీ. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నికలను తప్పనిసరి చేసింది.

నగరపాలక సంస్థ హద్దు చాలాకాలం మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్ దగ్గరే ఆగిపోయింది. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం వేరు పురపాలక సంఘాలు. వాటికి సొంత చైర్మన్లు, కౌన్సిలర్లు ఉండేవారు. తోటలు, పొలాలు, చెరువు శిఖం భూములు ప్లాట్లుగా మారి, ప్రభుత్వోద్యోగులు, చిన్న వ్యాపారులు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చినవారు ఇళ్లు కట్టుకున్న కాలం అది. ఇళ్లు ముందు లేచాయి. రోడ్డు, డ్రైనేజీ, మంచినీరు ఆ తర్వాత వచ్చాయి. ఇక్కడి స్థానిక రాజకీయమంతా ఆ వెనుకబడిన పనిని పూర్తి చేయించడం చుట్టూ తిరిగింది.

2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను హైదరాబాద్‌తో కలిపి జీహెచ్ఎంసీని ఏర్పాటు చేశారు. విలీనమైన సంఘాల్లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం ఉన్నాయి. దీంతో ఆఫీసు మెట్లెక్కితే కనిపించే చైర్మన్ స్థానంలో ట్యాంక్‌బండ్ దగ్గరి ప్రధాన కార్యాలయం వచ్చింది. విలీనం తర్వాత తొలి ఎన్నికలు జరగడానికి రెండున్నరేళ్లు పట్టింది.

చట్టం ఇచ్చిన పాత్ర

నగరపాలక సంస్థలో మూడు అధికార కేంద్రాలు ఉంటాయి. కార్పొరేటర్లతో కూడిన పాలకమండలి విధానాలు, బడ్జెట్ ఆమోదిస్తుంది. పాలకమండలి నుంచి ఎన్నికైన 15 మంది స్థాయీ సంఘం నిర్ణీత మొత్తం దాకా పనులకు, ఒప్పందాలకు అనుమతి ఇస్తుంది. ప్రభుత్వం నియమించే కమిషనర్, సాధారణంగా ఐఏఎస్ అధికారి, కార్యనిర్వహణ చూస్తారు. పరిధిలోని శాసనసభ్యులు, ఎంపీలు, నిబంధనల ప్రకారం ఎమ్మెల్సీలు, రాజ్యసభ సభ్యులు ఎక్స్ అఫీషియో హోదాలో పాలకమండలిలో కూర్చుంటారు. మేయర్ ఎన్నికలో వారికీ ఓటు ఉంటుంది. సంఖ్యాబలం లేని పార్టీ కూడా వీరి ఓట్లను లెక్కలోకి తీసుకుని మేయర్ పదవికి వ్యూహం వేసుకోగలదు.

కార్పొరేటర్‌కు విడిగా కార్యనిర్వాహక అధికారం లేదు. ఇంజనీరును ఆదేశించలేరు, బిల్లుపై సంతకం చేయలేరు, అక్రమ కట్టడాన్ని కూల్చమని ఉత్తర్వు ఇవ్వలేరు. చేయగలిగినవి ప్రతిపాదించడం, ప్రశ్నించడం, పాలకమండలి సమావేశంలో ఓటెయ్యడం, వార్డు కమిటీకి అధ్యక్షత వహించడం. వార్డు కమిటీలు, ఏరియా సభల ద్వారా కాలనీవాసులను నిర్ణయాల్లో భాగం చేయాలన్నది చట్టం ఉద్దేశం. ఆచరణలో ఈ వేదికలు ఎక్కువగా కాగితం మీదే మిగిలాయి. 2023 జూన్ 16న 150 వార్డుల్లోనూ వార్డు కార్యాలయాలు ప్రారంభించారు. పారిశుధ్యం, ఇంజనీరింగ్, పట్టణ ప్రణాళిక, జలమండలి, విద్యుత్ సిబ్బందిని ఒకేచోట కూర్చోబెట్టి ఫిర్యాదులు స్వీకరించాలన్నది ఆలోచన. కార్పొరేటర్ చేతిలో లేని శాఖలన్నింటినీ వార్డు స్థాయికి దించే తొలి ప్రయత్నంగా దీన్ని చూడవచ్చు.

గౌరవవేతనం చాలా తక్కువ. వార్డులో ఇంటి దగ్గరే నడిపే కార్యాలయానికి, ఇద్దరు ముగ్గురు సహాయకులకు, పెళ్లిళ్లు, చావులు, పండుగలు, గణపతి మండపాల చందాలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఈ పదవి ఆర్థిక స్తోమత ఉన్నవారికి, లేదా దానికి అండ ఉన్నవారికే అందుబాటులో ఉండటానికి ఇదొక కారణం.

రోజువారీ పని

వార్డు కార్యకలాపాల్లో పారిశుధ్యానిది మొదటి స్థానం. తెల్లవారుజామున ఊడ్చే కార్మికులు, ఇంటింటికీ తిరిగే చెత్త ఆటోలు, వాటిని పర్యవేక్షించే క్షేత్రసిబ్బంది రాకపోతే ఉదయం ఎనిమిదింటికల్లా కార్పొరేటర్ ఫోన్ మోగుతుంది. రెండోది రోడ్లు, నాలాలు. సీసీ రోడ్డు ప్రతిపాదన వార్డు ఇంజనీరు అంచనా నుంచి జోనల్ కార్యాలయం, కమిషనర్ లేదా స్థాయీ సంఘం ఆమోదం, టెండరు, శంకుస్థాపన దాకా నెలల తరబడి సాగుతుంది. శంకుస్థాపన రోజున శిలాఫలకంపై ఎమ్మెల్యే పేరు పైన, కార్పొరేటర్ పేరు కింద ఉంటాయి. ఇద్దరూ వేర్వేరు పార్టీలవారైతే ఆ పేర్ల వరసే తగాదాకు దారితీస్తుంది.

మూడోది కాలనీ సంక్షేమ సంఘాలతో సంబంధం. ఎల్.బి.నగర్ ప్రాంతంలో ఈ సంఘాలు బలమైనవి. విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు నడిపే ఈ సంఘాలకు నిబంధనలు, ఫైళ్లు, అర్జీ రాసే పద్ధతి బాగా తెలుసు. కార్పొరేటర్‌ను నిలదీసేదీ, వచ్చే ఎన్నికల్లో వాడవాడా తిరిగి ఓట్లు వేయించేదీ వీరే. కార్పొరేటర్లలో పలువురు ముందు కాలనీ సంఘాల్లో, బస్తీ కమిటీల్లో, యువజన సంఘాల్లో, లేదా పార్టీ డివిజన్ అధ్యక్షులుగా పనిచేసినవారే.

మరో పెద్ద భాగం సిఫార్సులది. ఆసరా పింఛను, రేషన్ కార్డు, జనన ధ్రువపత్రం, ఆసుపత్రిలో మంచం, పిల్లవాడికి స్కూల్లో సీటు. వీటిలో చాలావరకు నగరపాలక సంస్థకు సంబంధం లేనివే. జలమండలి 1989లో ఏర్పడినప్పటి నుంచి నీటి సరఫరా వేరు సంస్థది. శివారు సర్కిళ్లలో భూగర్భ డ్రైనేజీ నిర్వహణ 2021 అక్టోబరు నుంచి జీహెచ్ఎంసీ చేతిలోంచి జలమండలికి మారింది. దాంతో పొంగే మ్యాన్‌హోల్ విషయంలో కార్పొరేటర్ బాధ్యత చట్టరీత్యా మరింత తగ్గినా, ప్రజల దృష్టిలో ఏమీ తగ్గలేదు.

ప్రాంతపు ప్రత్యేక సమస్యలు

వరదలు: సరూర్‌నగర్ చెరువు, బండ్లగూడ చెరువు, వాటిని కలిపే నాలాలు ఒకప్పుడు గొలుసుకట్టుగా నీటిని మూసీ వైపు పంపేవి. నాలాల మీద, చెరువుల అంచుల్లో ఇళ్లు రావడంతో గట్టి వానపడితే నీరు కాలనీల్లోనే నిలుస్తోంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్, హయత్‌నగర్, నాగోల్ వైపు అనేక కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం బాధిత కుటుంబాలకు రూ.10,000 చొప్పున సాయం ప్రకటించింది. పంపిణీలో అక్రమాల ఆరోపణలు వచ్చాయి. నగరపాలక ఎన్నికల నోటిఫికేషన్ తర్వాత రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీని ఆపించింది. నీళ్లు నిండిన ఇంటి నుంచి పోలింగ్ కేంద్రానికి ఓటరు నడిచింది ఏడు వారాల తర్వాతే. ఆ తర్వాతి సంవత్సరం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం కింద ఈ ప్రాంతంలో పెద్ద నాలాల పనులు చేపట్టారు.

భూమి: పట్టణ భూగరిష్ఠ పరిమితి చట్టం, నిషేధిత జాబితాల చిక్కుల వల్ల బి.ఎన్.రెడ్డి నగర్ తదితర చోట్ల ఏళ్ల తరబడి ఇళ్ల రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. ఇల్లు కట్టి, ఆస్తిపన్ను కడుతున్నా అమ్ముకునే హక్కు లేని పరిస్థితి. 2022లో ప్రభుత్వం జీవో 118 ద్వారా ఎల్.బి.నగర్‌తో పాటు పరిసర నియోజకవర్గాల్లోని 44 కాలనీల్లో చదరపు గజానికి రూ.250 చొప్పున చెల్లిస్తే క్రమబద్ధీకరించే అవకాశం ఇచ్చింది. ఈ పోరాటాన్ని నడిపించింది కాలనీ సంఘాలు. కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు ఎవరికి వారు ఆ ఘనత తమదేనని చెప్పుకున్నారు.

మార్కెట్: కొత్తపేటలో 22 ఎకరాల్లో సాగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి ఈ ప్రాంత ఆర్థిక జీవితానికి కేంద్రం. 2021లో దాన్ని బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన స్థలంలో టిమ్స్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. హమాలీలు, చిల్లర వ్యాపారులు ఒకవైపు, లారీల తాకిడితో విసిగిన కాలనీవాళ్లు మరోవైపు. ఈ రెండు వర్గాలూ స్థానిక ప్రతినిధి దగ్గరికి వచ్చి పరస్పర విరుద్ధమైన కోరికలు కోరాయి. తరలింపు నిర్ణయం మాత్రం రాష్ట్ర ప్రభుత్వానిది.

ఎన్నికలు, రాజకీయ మలుపులు

జీహెచ్ఎంసీ తొలి ఎన్నికలు 2009 నవంబరు 23న జరిగాయి. కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43 స్థానాలు గెలిచాయి. కాంగ్రెస్‌కు చెందిన బండ కార్తీకరెడ్డి తొలి మేయర్ అయ్యారు. తర్వాత మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్ ఆ పదవిలోకి వచ్చారు. ఆ ఎన్నికలు జరిగిన ఆరు రోజులకు, నవంబరు 29న, ఎల్.బి.నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకుని, డిసెంబరు 3న మరణించారు. ఆ తర్వాత ఈ కూడలి ఉద్యమ రాజకీయాల కేంద్రాల్లో ఒకటైంది.

2014 డిసెంబరులో ఆ పాలకమండలి గడువు ముగిశాక ఏడాదికి పైగా ప్రత్యేకాధికారి పాలన సాగింది. 2016 ఫిబ్రవరి 2న జరిగిన ఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర సమితి (తెరాస) 99 స్థానాలతో ఏకపక్ష విజయం సాధించింది. ఈ ప్రాంతంలోని 13 వార్డుల్లో 12 ఆ పార్టీకే దక్కాయి. ఆర్.కె.పురంలో మాత్రం భాజపాకు చెందిన రాధా ధీరజ్‌రెడ్డి గెలిచారు. ఆ ఎన్నికల్లో నగరం మొత్తంలో భాజపా గెలిచినవి నాలుగే.

2020 డిసెంబరు 1 ఎన్నికల్లో బొమ్మ తిరగబడింది. కోవిడ్ కారణంగా బ్యాలెట్ పత్రాలతో నిర్వహించిన ఆ పోలింగ్‌లో భాజపా నగరవ్యాప్తంగా 48 స్థానాలు గెలిచింది. ఈ ప్రాంతంలోని 13 వార్డులనూ ఊడ్చేసింది. రాధా ధీరజ్‌రెడ్డి రెండోసారి గెలిచారు. వరద సాయంపై అసంతృప్తి, అంతకు నెల ముందు దుబ్బాక ఉపఎన్నికలో భాజపా గెలుపు తెచ్చిన ఊపు, ఉద్యోగుల కాలనీల్లో ప్రభుత్వంపై వ్యతిరేకత దీనికి కారణాలుగా విశ్లేషకులు చెప్పారు. 1983, 1985, 1999లలో ఈ ప్రాంతపు కాలనీలూ ఉన్న పాత మలక్‌పేట నియోజకవర్గం నుంచి నల్లు ఇంద్రసేనారెడ్డి భాజపా తరఫున గెలిచిన చరిత్ర ఉన్నందున ఈ నేలలో ఆ పార్టీకి పాత వేర్లే ఉన్నాయి.

లింగోజిగూడ ఉదంతం స్థానిక పదవి ఎంత అస్థిరమో చూపుతుంది. భాజపా తరఫున గెలిచిన ఆకుల రమేశ్‌గౌడ్ ప్రమాణ స్వీకారానికి ముందే 2020 డిసెంబరు 31న కోవిడ్‌తో మరణించారు. 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి మేయర్‌గా ఎన్నికైననాడు పాలకమండలిలో 149 మంది కార్పొరేటర్లే ఉన్నారు. ఏప్రిల్ 30న జరిగిన ఉపఎన్నికలో అప్పటి అధికార పార్టీ పోటీకి దూరంగా నిలిచింది. అయినా కాంగ్రెస్ అభ్యర్థి దర్పల్లి రాజశేఖర్‌రెడ్డి 1,272 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఐదు నెలల కిందట భాజపాకు ఓట్లు కురిపించిన వార్డే సానుభూతిని పక్కనపెట్టింది.

ఓటింగ్ శాతం మరో కోణం. నగరవ్యాప్తంగా 2009లో 42, 2016లో 45, 2020లో 46 శాతానికి కొద్దిగా పైన మాత్రమే నమోదైంది. సగానికి పైగా ఓటర్లు ఇంట్లో ఉండగా, కాలనీ సంఘాలు, బస్తీ పెద్దలు కదిలించే కొద్ది వందల ఓట్లు ఫలితాన్ని మార్చగలవు.

ప్రజాజీవిత ప్రస్థానాలు

ఈ ప్రాంతం నుంచి నగరస్థాయికి ఎదిగిన నాయకుల్లో తీగల కృష్ణారెడ్డి ముఖ్యులు. సరూర్‌నగర్ పక్కనున్న మీర్‌పేట ఆయన సొంత ఊరు. 2002లో ప్రజలు నేరుగా ఓటేసి ఎన్నుకున్న మేయర్‌గా తెలుగుదేశం తరఫున బాధ్యతలు చేపట్టారు. జీహెచ్ఎంసీకి ముందున్న పాత నగరపాలక సంస్థకు చివరి మేయర్ ఆయనే. 2009లో మహేశ్వరం శాసనసభ స్థానంలో ఓడి, 2014లో గెలిచారు. తర్వాత తెరాసలో చేరి 2018లో సబితా ఇంద్రారెడ్డి చేతిలో ఓడిపోయారు. మేయర్ ఎన్నిక తర్వాతి రోజుల్లో మళ్లీ పరోక్ష పద్ధతికి మారింది.

దేవిరెడ్డి సుధీర్‌రెడ్డిది మరో దారి. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఛైర్మన్‌గా పనిచేశాక, 2009లో కొత్తగా ఏర్పడిన ఎల్.బి.నగర్ నియోజకవర్గం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 2014లో తెలుగుదేశం అభ్యర్థి, బీసీ ఉద్యమ నేత ఆర్.కృష్ణయ్య చేతిలో ఓడి, 2018లో మళ్లీ గెలిచారు. తర్వాత తెరాసలో చేరి మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ ఛైర్మన్ అయ్యారు. 2023లో, పేరు మారిన అదే పార్టీ (భారాస) తరఫున మూడోసారి గెలిచారు. ఆ ఎన్నిక నాటికి మూడేళ్ల కిందట నియోజకవర్గంలోని 11 వార్డులనూ భాజపాయే గెలిచి ఉంది. కార్పొరేటర్ల బలం శాసనసభ ఓటుగా మారుతుందన్న లెక్క ఇక్కడ తప్పింది. వార్డు ఓటూ అసెంబ్లీ ఓటూ వేర్వేరు తీర్పులని ఎల్.బి.నగర్ ఓటరు చూపించాడు.

కార్పొరేటర్ పదవిని మెట్టుగా చేసుకుని పైకెళ్లినవారు నగరంలో లేకపోలేదు. మంగళ్‌హాట్ నుంచి 2009లో కార్పొరేటర్‌గా గెలిచిన రాజాసింగ్ 2014లో గోషామహల్ ఎమ్మెల్యే అయ్యారు. మాజీ మేయర్ మాజిద్ హుస్సేన్ 2023లో నాంపల్లి నుంచి శాసనసభకు వెళ్లారు. కానీ మెజారిటీ కార్పొరేటర్ల ప్రస్థానం ఒకటి రెండు పదవీకాలాలతో ముగుస్తుంది. వార్డు రిజర్వేషన్ మారితే ఐదేళ్లు కష్టపడ్డ వ్యక్తికి సొంత వార్డులో పోటీ చేసే హక్కే పోతుంది. అప్పుడు భార్యనో, కోడలినో నిలబెట్టడం, పక్క వార్డుకు మారడం, పార్టీ మారడం మిగిలే దారులు.

మహిళలు, రిజర్వేషన్లు

2016 ఎన్నికల నుంచి జీహెచ్ఎంసీలో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు. ఈ ప్రాంతంలోని హస్తినాపురం అప్పట్లో గిరిజన మహిళకు కేటాయించిన వార్డు. 2020లో నగరంలో ఎస్టీలకు దక్కినవి రెండే వార్డులు. మహిళా కార్పొరేటర్ తరఫున భర్త లేదా కొడుకు ఫోన్ ఎత్తి, అధికారులతో మాట్లాడే అలవాటు ఇప్పటికీ ఉంది. దాంతోపాటే స్వయంగా వార్డు తిరిగి, పాలకమండలిలో ప్రశ్నలు వేసే సభ్యుల సంఖ్య కూడా పెరిగింది.

విమర్శలు

పాలకమండలి సమావేశాలు అరుపులు, నినాదాలు, వాకౌట్లతో గడిచిపోతాయని, ప్రశ్నోత్తరాల సమయం కుదించుకుపోతుందని తరచూ వినిపించే మాట. అక్రమ నిర్మాణాల విషయంలో స్థానిక ప్రతినిధులు చూసీచూడనట్టు వ్యవహరిస్తారన్న ఆరోపణ నగరమంతటా ఉంది. గెలిచిన గుర్తు వదిలి అధికార పార్టీలోకి వెళ్లడం సాధారణమైంది. వార్డుకు నిధులు తేవడానికే వెళ్లామని చెప్పే సమాధానంలో కొంత నిజమూ ఉంది: నిధుల మంజూరు ఎమ్మెల్యే, మంత్రి, కమిషనర్ చేతుల్లో ఉన్నంతకాలం ప్రతిపక్ష కార్పొరేటర్ చేయగలిగింది పరిమితమే.

ఎన్నికైన పాలకమండలి ఉన్నప్పటి లోపాలకంటే అది లేనప్పటి లోటు పెద్దది. హైదరాబాద్‌కు ఈ అనుభవం పలుమార్లు కలిగింది. పొరుగున బెంగళూరు 2020 సెప్టెంబరు తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికైన సభ్యులు లేకుండానే నడిచింది. అధికారి పాలనలో ఫైలు వేగంగా కదలవచ్చు. కానీ కాలనీవాసులు ఇంటికెళ్లి తలుపు కొట్టగల మనిషి ఉండరు.

విస్తరణ తర్వాత

2025 చివరలో బాహ్య వలయ రహదారి పరిసరాల్లోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో విలీనం చేసి, వార్డులను 300కు పెంచారు. తూర్పున మీర్‌పేట, బడంగ్‌పేట నగరపాలక సంస్థలు, పెద్ద అంబర్‌పేట, తుర్కయంజాల్ పురపాలక సంఘాలు ఇందులో ఉన్నాయి. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం అనుభవించిన మార్పే ఇప్పుడు వాటి వంతు అయింది: పక్క వీధి చైర్మన్ పోయి, పెద్ద సభలో ఒక సభ్యుడు మిగలడం. రాజ్యాంగంలోని 243-యు అధికరణం ప్రకారం పట్టణ సంస్థల పదవీకాలం తొలి సమావేశం నుంచి ఐదేళ్లు. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరి 10 దాకానే. వార్డుల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ పదవి బలపడదు. వార్డు కమిటీకి సొంత నిధి, పనుల మీద లిఖితపూర్వక అధికారం, నీరు, డ్రైనేజీ శాఖలు వార్డు స్థాయిలో జవాబుదారీగా ఉండే ఏర్పాటు వస్తేనే కార్పొరేటర్ పదవికి ప్రజలు ఆశిస్తున్న అర్థం దక్కుతుంది.